లంక ప్రెసిడెంటు

అయినా తగ్గింది ఓట్లేగా, మనిషేం తగ్గిపోయాడని?

గల్ఫులోని ఫుజైరాలో ఫైజా మేడమ్ ఇంట్లో బెండకాయలు తరుగుతున్న గంగాభవానికి రోజూ ఇదే ఆలోచన. చేతులిక్కడ, మనసు గోదావరి మధ్య లంకలో.

ఆమె మొగుడు జోగయ్య మొన్నటిదాకా ఆ లంకకు పంచాయితీ ప్రెసిడెంటు. ఈసారి ఓడిపోయాడు. అప్పట్నుంచీ మంచం దిగడు. ఫోన్లో ఊఁ అంటే ఊఁ.

ఆ గోడు ఆమె, వైద్యానికొచ్చి పైఫ్లాట్లో ఉంటున్న ముసలాయనకొక్కడికే చెప్పుకుంది. సాయంత్రాలు సముద్రం వైపు బెంచీ మీద ఒక్కడే కూర్చునేవాడు. ఎంత బావుండేవో ఆ సాయంత్రాలు!

"మీదేవూరు బాబా?" అనడిగింది మొదటిరోజు, వచ్చీరాని హిందీలో.

"సెరిల్లా. దీవి, బేటీ."

"దీవంటే మా లంకలాంటిదే! పడవెక్కాలా?"

"ఎక్కాల్సిందే. అక్కడ నేను ప్రెసిడెంటుగా చేశాను."

"అయ్యో, మా ఆయనా ప్రెసిడెంటే!"

ఆయన గబుక్కున లేచి, మర్యాదగా గుండెమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తమ లంకంతా కలిపి మూడు వీధులేనని ఆమె చెప్పాక కూర్చుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఎందుకో తెలీకపోయినా ఆమె కూడా నవ్వింది.

"ఓడిపోయాడు బాబా. గడప దాటట్లేదు."

ఆయన నవ్వు ఆగింది.

"నేనూ ఓడాను. మర్నాడు పొద్దున్నే గెలిచినవాడి ఇంటికి నడిచి వెళ్ళాను."

"సిగ్గెయ్యలేదా?"

"చచ్చేంత! కానీ వీధిలో మావాళ్ళూ వాళ్ళవాళ్ళూ కత్తులు పట్టుకుని ఉన్నారు. నేను నడుస్తుంటే ఒక్కొక్క కత్తీ కిందికి దిగింది. వాడే తలుపు తీశాడు. టీ ఇచ్చాడు. పంచదార ఎక్కువేశాడు, దొంగ!"

ఆ మాట మొగుడికి చెప్పింది.

"ఆయనకేవే! ఏ చిన్న లంకో. నలుగురు చూసుంటారు, మర్చిపోయుంటారు. నన్ను ఊరంతా చూస్తారు," అన్నాడు జోగయ్య.

దానికేమనాలో బాబానే అడుగుదామనుకుంది. కానీ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారని వాచ్‌మన్ చెప్పాడు. మళ్ళీ రాలేదు.

"భవానీ!" హాల్లోంచి ఫైజా కేక. "ఇట్రా, మన పైఫ్లాటాయన టీవీలో!"

జెండా కప్పిన పెట్టె. రోడ్డుకి రెండువైపులా, కనుచూపు మేరా జనం. పెట్టె మోస్తున్నవాళ్ళలో ముందున్న మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆనాడు బాబా మీద గెలిచింది ఆయనేనట.

మిగతాది ఫైజా చదివి చెప్పింది.

గంగాభవాని వంటింట్లోకెళ్ళి, చేతులు తుడుచుకుని జోగయ్యకి ఫోన్ కలిపింది.

"ఏవండీ, లెగండి. గెలిచినోడింటికి నడిచెళ్ళింది లంక ప్రెసిడెంటు కాదంటండీ, ఓ దేశానికి రాష్ట్రపతంట."