వెనక నడిచే ప్రోగ్రాం

“రేపటి సంది నువ్వు రాకు దీవెనా. నీ పని ఇగ కంప్యూటర్ చేస్తది,” అన్నాడు రామనర్సయ్య సేటు.

మిర్యాలగూడలో ఆయనది పెద్ద రైస్ మిల్లు. వడ్ల సీజన్‌లో లారీలు కోదాడ రోడ్డు మీద బారులు తీరతాయి. వచ్చిన డ్రైవర్ తన లారీ నంబరు మిల్లు ఫోన్‌కు మెసేజ్ పెట్టాలి. లోపల ఒక లారీ ఖాళీ అయి గేటు దాటగానే, తర్వాతి డ్రైవర్‌కు కబురందాలి.

మూడేళ్లుగా ఆ కబుర్లు పంపింది దీవెన. తిట్లు తిన్నదీ ఆమే. లారీ ఆలస్యమైనా, వాన పడినా, చాయ్ చల్లారినా సేటుకు ముందు కనబడేది దీవెన. ఆదివారం చర్చికి వెళ్లడానికి రెండు గంటలు అడిగితే, “లారీలకు ఆదివారం ఉంటదా?” అనేవాడు.

ఆమె బ్యాగు తీసుకుని, గేటుకు ఎదురుగా ఉన్న తన కిరాయి గదికి వెళ్లిపోయింది.

ప్రోగ్రాం రాసింది సూర్యాపేట శ్రీనాథ్. మిల్లు ఫోన్‌లోని సిమ్ తీసి కంప్యూటర్‌కు తగిలించాడు.

“దీన్ని డీమన్ అంటరు సేటూ. పెర్ల్ అనే కంప్యూటర్ భాషల రాసిన. స్క్రీన్ మీద కనబడదు. ఎనక నడుస్తనే ఉంటది.”

ఇక్కడ నిలబడితే కోదాడ మిల్లులు కూడా అతన్ని పిలుస్తాయి. నిలబడకపోతే సూర్యాపేట ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ టైపింగ్ పాఠాలే.

మొదటి రోజు గుమస్తా వెంకన్న, ఉత్తదే కదా అని స్క్రీన్ మీది నల్ల విండో మూసేశాడు. విండోతో పాటే ప్రోగ్రామూ చచ్చింది. శ్రీనాథ్ బస్సెక్కి వచ్చి, విండో మూసినా బతికేలా మార్చాడు.

రెండో రోజు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ లేచింది గానీ ప్రోగ్రాం లేవలేదు. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి శ్రీనాథ్ ఇంకో ప్రోగ్రాం రాశాడు. అది ఐదు నిమిషాలకోసారి చూడాలి, మొదటిది చచ్చి ఉంటే లేపాలి.

మూడో రోజు ఆ కాపలా ప్రోగ్రాం చూడటం మానేసి లేపడం ఒక్కటే చేసింది. రెండు గంటల్లో ఒకే ప్రోగ్రాం ఇరవై నాలుగు కాపీలైంది. ఒక్కో కాపీ ఒక్కో లారీని పిలిచింది. లారీలన్నీ వచ్చి గేటు దగ్గర ఇరుక్కున్నాయి. సాయంత్రం దాకా సైకిల్ కూడా లోపలికి పోలేదు.

“ఇంకొక్కసారి గిట్లయితే నీ ప్రోగ్రాం మూట గట్టుకొని సూర్యాపేట పో,” అన్నాడు సేటు.

శ్రీనాథ్ రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. ఎదురింటి కిటికీలోంచి దీవెన అంతా చూస్తున్నది. ఈమె పని తీయించి నేను బాగుపడిందేముంది అని అతనికి సిగ్గేసింది.

మర్నాటి నుంచి ప్రోగ్రాం ఆగలేదు.

మిల్లంతా కరెంటు పోయినా ఆగలేదు. “బ్యాటరీ పెట్టిన,” అన్నాడు శ్రీనాథ్. సేవ్యా అనే డ్రైవర్ విసుగొచ్చి బూతులు మెసేజ్ పెడితే, అతని నంబరు రెండు లారీల వెనక్కి పోయింది.

“పౌరుషం గూడ పెట్టినవా దీనికి?” అని సేటు మురిసిపోయాడు.

ఆ మురిపెం ముదిరింది. కంప్యూటర్ గదికి కూలర్ వచ్చింది. ఆ గదిలో గొంతు పెంచొద్దని వెంకన్నకు ఆర్డరు వేశాడు. అందరికంటే ముందు తన గొంతే తగ్గించుకున్నాడు.

“ఆదివారం పొద్దుగాల రెండు గంటలు దీనికి రెస్టు కావాలె సేటూ,” అన్నాడు శ్రీనాథ్ నసుగుతూ.

“ఇయ్యి. రెండు గంటలు లారీలు ఆగితే ఏం మునిగిపోతది? ఎంతని చేస్తది అది మాత్రం?”

నెల గడిచింది. ఒకరోజు గేటు దగ్గర నిలబడ్డ సేటుకు కిటికీ దగ్గర దీవెన కనబడింది. ఎప్పుడు చూసినా అక్కడే, చేతిలో ఫోన్, చూపు మిల్లు గేటు మీద. పోయిన పని మీద ఎంత బెంగో అనుకున్నాడు. మనసు చివుక్కుమంది. రోడ్డు దాటి వెళ్లాడు.

“ఎక్కడన్న పని దొరికిందా దీవెనా?”

“దొరికింది సేటూ.”

“మంచిగున్నదా?”

“మంచిగున్నది. ఒక్క మాట అనరు. ఆదివారం చర్చికి గూడ పోనిస్తరు.”

“గసొంటి యజమానులు గూడ ఉన్నరా?” అన్నాడు సేటు, కొంచెం చిన్నబోయి.

“ఉన్నరు సేటూ. కాకపోతే ఈ మధ్యనే మారిన్రు.”

ఆయన తేలికపడ్డ మనసుతో వెనక్కి నడిచాడు. మిల్లులోంచి ఖాళీ లారీ ఒకటి బయటికొచ్చింది.

కిటికీ దగ్గర దీవెన కాగితం మీద దాని నంబరు కొట్టేసి, “బాల్యా అన్నా, ఇగ నువ్వు రా” అని మిల్లు సిమ్ నుంచి మెసేజ్ పంపింది.