మెట్లమీద మనిషి

“మళ్ళీ వచ్చాడు,” అన్నాడు డూగల్ మెక్‌ఫీ, నోట్లోంచి ఈల తీసి.

అసిస్టెంట్ కోచ్ టామ్ తిరిగి చూశాడు. గ్రౌండ్ పక్కన మెట్లమీద అదే మనిషి. కోటూ టై, పక్కన బ్రీఫ్‌కేస్, చేతిలో పేపరూ పెన్నూ. ఇండియన్.

“రోజూ ఏం రాస్తున్నాడంటావ్?”

“నా తలరాత!” అన్నాడు డూగల్.

అది 1982 వేసవి. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, సాకర్‌కి టికెట్టు కొనే నాథుడెవడు? క్లబ్ ఓనర్ పోయిన నెలే మొహంమీద చెప్పేశాడు: “ఖర్చులు లెక్కకట్టే ఇంజనీర్‌ని ఒకణ్ణి పంపిస్తా. నీ పనితీరు చూస్తాడు. వచ్చే సీజన్ మాట ఆ తర్వాతే.”

డూగల్ ఒకప్పుడు స్కాట్లాండ్ జెర్సీ తొడుక్కున్నవాడు. గ్లాస్గోలో ఇల్లమ్ముకుని అమెరికా వచ్చి రెండేళ్ళు ఆడాడు. మోకాలు పోయింది. ఈ టీముకే మేనేజరయ్యాడు. ఇదీ పోతే రెంటికీ చెడ్డ రేవడే! నలభై దాటిన కుంటి డిఫెండర్‌ని ఇంకెవడు పిలుస్తాడు?

ఆ మనిషిని చూస్తే చాలు, భయంతో ఆటగాళ్ళని ప్రాణాలు పోయేలా పరుగెత్తించేవాడు. ప్రాక్టీసు మధ్యాహ్నానికే అయిపోయినా ఆయన కదలడు. స్టీలు డబ్బా విప్పి అన్నం తిని, ఖాళీ గ్రౌండుని చూస్తూ సాయంత్రందాకా కూర్చుంటాడు.

“గడ్డిపోచలు కూడా లెక్కపెడుతున్నాడు, ఖర్మ!” అనేవాడు డూగల్.

శుక్రవారం ఇక తట్టుకోలేక మెట్లెక్కాడు. ఆయన గబుక్కున పేపరు మడిచేశాడు.

“మీరు ఇంజనీరేనా?”

“అవునండీ. సూర్యప్రకాశ్.” మడిచిన పేపరు బ్రీఫ్‌కేస్‌లో దోపేశాడు. “మీకెలా తెలుసు?”

“తెలుస్తుందిలెండి. ఒక్కమాట, దాచకుండా చెప్పండి. నాకేమైనా ఆశ ఉందా?”

సూర్యప్రకాశ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “ఈ ఊళ్ళో ఎవరికుందండీ ఆశ?”

తన పని అయిపోయిందని డూగల్‌కి అర్థమైంది. అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు.

“ఇంట్లో చెప్పారా?” మెల్లగా అడిగాడు సూర్యప్రకాశ్.

“మా ఆవిడకా? ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“చెప్పెయ్యండి. రోజు గడిచేకొద్దీ నోరు పెగలదు.”

ఆ మాటంటుంటే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత మెత్తనివాడు, పాపం, ఒకరి మెడమీద కత్తి పెట్టే పనికెలా వచ్చాడో అనుకున్నాడు డూగల్.

గెంటించుకోవడంకన్నా మర్యాదగా పోవడమే నయం. తిన్నగా వెళ్ళి ఓనర్‌కి ఫోన్ చేశాడు. రాజీనామా అన్నాడు.

“అదేమిటి? వచ్చే సీజన్‌కి నిన్నే ఉంచుదామనుకున్నానే!” అన్నాడు ఓనర్.

మర్యాదకి అంటున్నాడులే అని ఫోన్ పెట్టేశాడు డూగల్. ఇంటికెళ్ళి భార్యకి చెప్పి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అదే సాయంత్రం డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో సూర్యప్రకాశ్ భార్య పద్మిని తలుపు తీసింది. ఖాళీ డబ్బా అందుకుంటూ, “ఇవాళ కూడా మీటింగ్‌లేనా? మొహం అంత వాడిపోయింది,” అంది.

“ఆఫీసన్నాక తప్పుతుందా?” అన్నాడాయన, టై వదులు చేసుకుంటూ.

సూర్యప్రకాశ్ ఉద్యోగం చలికాలంలోనే పోయింది.