మిగిలిన వాక్యం

"ఈ పేరా ఎవరికి భయపడి రాశావమ్మా?" అన్నారు గైడు, ఎర్రకలం మూత తీస్తూ.

ఎదుట కూర్చున్న పరిశోధక విద్యార్థిని ఉలిక్కిపడింది. ఆయనకే భయపడి రాసింది. తన వ్యాసం ఏ జ్వరం మందు గురించో, దాన్ని కనిపెట్టింది ఆయనే. ఆయనకు కోపమొస్తే తన ఇన్నేళ్ల చదువూ గంగపాలే.

"పరిశోధన పత్రికవాళ్లకి ఇలా రాస్తేనే నచ్చుతుందని, సార్..."

"వాళ్లూ మనుషులే. చదివితే అర్థం కావాలి. ముందు పొట్టు తీద్దాం, గింజ సంగతి తర్వాత చూద్దాం."

ఎవరి వ్యాసమైనా ఆయన పద్ధతి అదే. విషయం జోలికి పోకుండా ముందు అక్కర్లేని మాటలు కొట్టేస్తారు. 'కొన్ని ప్రత్యేక పరిస్థితులలో' పోయింది. 'అని భావించుటకు అవకాశము కలదు' మొత్తంగా పోయింది.

"పరీక్షలు మళ్లీ చేసి చూశావా?"

"చూశాను సార్. అదే వచ్చింది."

"మరి ఈ 'బహుశా' దేనికి?" అదీ పోయింది.

ఒక్కో గీతకూ ఆమె కుర్చీ అంచుకి జరుగుతోంది.

మిగిలినదాన్ని ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు. "ఈ మందు వాడిన పిల్లల్లో కొందరికి చెవుడు వస్తోంది."

కలం ఆగిపోయింది.

తిట్లు పడతాయని ఆమె తల వంచుకుంది. కలం మూత పెట్టిన చప్పుడుకి మెల్లగా తలెత్తింది. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"పోయిన నెల జ్వరమొస్తే మా మనవరాలికి ఇదే వేశాను," అన్నారాయన. "ఎన్నిసార్లు పిలిచినా పలకట్లేదని పొద్దున దాన్ని కసిరాను."