అన్నీ నల్లగానే

ఇంట్లో ఉన్న రెండు బాత్రూముల్లో పెద్దదాన్ని సూపర్‌వైజర్ గారు స్వాధీనం చేసుకున్నారు. ఇకమీదట అది బాత్రూము కాదనీ, డార్క్‌రూమ్ అనీ, లోపల తానుండగా ఎవరూ తలుపు తియ్యకూడదనీ ప్రకటించారు. ఇంట్లో ఉన్నది భార్య, కొడుకు. అయినా వందమందికి చెప్పినంత గట్టిగా చెప్పారు.

ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం ఇతరుల పనిలో తప్పులు పట్టడం. రిటైరయ్యేదాకా నిష్ఠగా పట్టారు. రిటైరయ్యాక పట్టుకోవడానికేమీ దొరక్క కొన్నాళ్ళు విలవిల్లాడి, చివరికి వంటిల్లు కనిపెట్టారు. అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉల్లిపాయ ముక్కలన్నీ ఒకే సైజులో లేవన్నారు. గరిట తిప్పే వేగం నిలకడగా లేదన్నారు. డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దించారు. పాలు పొంగేలోపు టీపొడి అందుకోవాలంటే భార్య అచ్చుల దగ్గర్నుంచి హల్లుల దాకా ఓసారి చదువుకోవాల్సి వచ్చేది.

అలాంటి రోజుల్లో అటక మీద ఆయన పాత కెమెరా, ఓ డబ్బా నిండా నలుపు తెలుపు నెగటివ్‌లు బయటపడ్డాయి. దించి, దుమ్ము దులిపి, చేతికిచ్చింది భార్యే.

"మీకు ఒకప్పుడు ఎంత సరదాగా ఉండేదండీ ఇదంతా" అంది.

అంతే, ఆయన రంగంలోకి దిగిపోయారు. నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వెంటిలేటర్‌కి అట్ట కొట్టారు, అట్ట మీద నల్లగుడ్డ కొట్టారు. ఎర్ర బల్బు తగిలించారు. చెక్క పలక పరిచి, దాని మీద రసాయనాల ట్రేలు పేర్చారు. ఆ తర్వాత భార్యను పిలిచి పాఠం చెప్పారు. ఈ కాగితానికి ఎర్ర దీపం తప్ప ఇంకే వెలుతురు తగిలినా చెడిపోతుందట. చెడిపోయినట్టు పైకి కనపడదట, తెల్లగానే ఉంటుందట. రసాయనంలో వెయ్యగానే మాత్రం బొగ్గయిపోతుందట. పెళ్ళయినప్పట్నించి ఆయన చెప్పిన ఏ పాఠానికైనా మధ్యలో ఆవలించే మనిషి, ఈ ఒక్కటీ చివరిదాకా విన్నది. ఆయనకు ముచ్చటేసింది.

మొట్టమొదట వెయ్యాల్సిన ఫొటో ఏదో కూడా ఆయన తేల్చేశారు. పెళ్ళయిన కొత్తలో భార్యకు తీసింది. కిటికీ దగ్గర నిలబడి, జడ ముందుకు వేసుకుని, ఎందుకో నవ్వుతోంది. దాన్ని పెద్దగా వేసి హాల్లో తగిలిస్తానన్నారు. ఆవిడ సిగ్గుపడింది.

ఫొటో వచ్చింది. నల్లగా. ఈ చివర నుంచి ఆ చివరకు, చుక్క తెలుపన్నది లేకుండా.

"బాగా వచ్చింది నాన్నా. బొగ్గుగనిలో తీశారా?" అన్నాడు కొడుకు.

సూపర్‌వైజర్ గారు విచారణ మొదలుపెట్టారు. మొదటి ముద్దాయి వెంటిలేటర్. దానికి ఇంకో పొర గుడ్డ పడింది. మళ్ళీ నలుపే. తలుపు సందులో కంబళి దోపారు. నలుపు. ఎర్ర బల్బు మీద అనుమానం వచ్చి మార్చారు. నలుపు. చేతి గడియారం ముళ్ళు చీకట్లో మెరుస్తున్నాయని దాన్ని బహిష్కరించారు. ఆఖరికి తన తెల్ల బనీను మీద కూడా కేసు పెట్టి, అది విప్పేసి పనిచేశారు. పొద్దున ఆ గదిలో దూరిన మనిషి, భోజనానికీ కునుకుకీ తప్ప బయటికి రావడం మానేశారు. కొడుకు వేళాకోళం చేసినప్పుడల్లా తల్లి కసిరేది. ఆయనకు టైముకు టీ తలుపు దాకా వచ్చేది. ఓ కప్పు, పక్కన రెండు బిస్కెట్లు, పైన ఓ మంచిమాట.

ఒకరోజు ఆయన ఓ నల్లకాగితం పట్టుకుని బయటికొచ్చి, నేరుగా వంటింట్లోకి నడిచి, పాత కుర్చీలో కూలబడ్డారు.

"ఇంక నావల్ల కాదే. అన్నీ అమ్మేస్తాను. రేపట్నించి మళ్ళీ ఇక్కడే కూర్చుంటా, నీకూ కాస్త తోడుగా ఉంటుంది."

ఆవిడ చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"ఫ్యాక్టరీ మొత్తాన్ని గడగడలాడించిన మనిషి" అంది, "ఒక కాగితం ముక్కకు లొంగిపోతారా? నేను చూస్తూ ఊరుకోనండీ. ఇంకొక్క ప్యాకెట్టు తెండి. మీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

ఇన్నేళ్ళ కాపురంలో తనను ఇంతగా నమ్మిన మనిషిని గరిట సరిగ్గా తిప్పడం లేదని సాధించానే అని ఆయన మనసులో నొచ్చుకున్నారు. ఆ మాట పైకి అనలేదు. సూపర్‌వైజర్లు అనరు. కొడుకు గదిలోకి వెళ్ళి మాత్రం, పెళ్ళంటూ చేసుకుంటే మీ అమ్మలాంటి దాన్ని చేసుకోమని చెప్పి, ఆ ఊపులోనే బజారుకెళ్ళి కొత్త ప్యాకెట్టు తెచ్చారు. దాన్ని డార్క్‌రూమ్ అలమరలో భద్రంగా పెట్టారు. సాయంత్రం ఎలాగైనా భార్య నవ్వును కాగితం మీదికి రప్పించి తీరాలనుకుంటూ, తృప్తిగా భోంచేసి నడుం వాల్చారు.

గురక అందుకున్నాక ఆవిడ చప్పుడు చెయ్యకుండా ఆ ప్యాకెట్టు తీసుకుని డాబా ఎక్కింది, అతికించిన చీటీ చిరగకుండా ఊడదీసింది, లోపలి కాగితాలన్నిటికీ ఎప్పటిలాగే ఒక్కొక్కటిగా ఓ క్షణం ఎండ చూపించి, మళ్ళీ ఎలా ఉన్నవి అలా సర్ది, చీటీ అతికించేసింది.