అన్న పట్టే చివరి స్వరం

మాన్‌హైమ్ కోటలోని సంగీతశాలలో ఆ రాత్రి కాస్పర్ ఒక్కడే వయొలిన్ పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు ప్రభువు ముందు అన్నదమ్ములిద్దరూ జంటగా, వెనక పెద్ద వాద్యబృందంతో వాయించాలి. అన్న యోస్ట్ చూస్తే ఇంట్లో జ్వరంతో కొట్టుమిట్టాడుతున్నాడు. మంచం పక్కన కూర్చోలేక వచ్చేశాడు పాపం తమ్ముడు.

ఆ కృతి చివర బృందమంతా ఆగిపోతుంది, అన్నదమ్ములే ఒకరికొకరు బదులిస్తూ వాయిస్తారు. అన్న తన వియోలా మీద, అంటే వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం మీద, ఒక స్వరం పట్టి వణికించాడంటే అదే సైగ. అందరూ అందుకుని ముగించేస్తారు. "ఆ సైగ నాకొదిలెయ్యరా, నీ ధ్యాసంతా భోజనం మీదే!" అని వెక్కిరించేవాడు యోస్ట్.

కాస్పర్ తన వంతు వాయించి, అలవాటుగా అన్న వంతుకి ఆగాడు.

చీకట్లోంచి వియోలా బదులిచ్చింది.

"అన్నయ్యా, లేచావా! వదిన ఎలా రానిచ్చింది?"

వాద్యం మోగుతూనే ఉంది. వెనక బృందం ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. కాస్పర్ బదులు వాయిస్తూ కిందికి చూశాడు. అన్న వియోలా తన కాళ్ళ దగ్గరే, మూసిన పెట్టెలో ఉంది.

ఇంటి నుంచి పరుగున వచ్చిన వదిన ఓటీలియా తలుపు దగ్గర కేక వేసింది. "కాస్పర్, రావయ్యా! ఆయనకి ఊపిరందట్లేదు!"

"రాలేను వదినా! ఈ వాద్యం ఆగితే అన్నయ్య ఊపిరీ ఆగిపోతుంది!"

వేళ్ళు చిట్లి నెత్తురొస్తున్నా వాయిస్తూనే ఉన్నాడు. "ముగించకు అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకొంచెంసేపు వాయిద్దాం."

చీకట్లో ఆ ఖాళీ కుర్చీల దగ్గర, వయొలిన్లు వాయించే కమాన్లన్నీ ఒక్కసారి పైకి లేచిన చప్పుడైంది.

వియోలా మెల్లగా ఒక్క స్వరం మీదికి వచ్చి, వణకడం మొదలుపెట్టింది.