గాజుముక్కల తెర

"వచ్చేసింది మహాతల్లి!" అనుకుంది పద్మకుమారి.

గుమ్మంలో నూకమ్మ నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి. మొహంలో బెరుకూ లేదు, బతిమాలుకోవడమూ లేదు.

"పగిలిన గాజుముక్కలుంటే ఓ గుప్పెడు ఎట్టమ్మా."

"ఈసారి లేవు."

"నీ ఒళ్ళో ఉన్నయ్యేటి మరి?"

పద్మకుమారి ఒళ్ళో నిజంగానే చాటెడు ముక్కలున్నాయి. ఎదురుగా కొవ్వొత్తి వెలుగుతోంది. ఒక్కో ముక్కనీ పట్టకారుతో మంట మీద మెత్తబరిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, కొసలు కలిపి గొలుసు అల్లుతోంది. మధ్యమధ్య స్వెట్టర్లల్లగా మిగిలిన ఊలుతో చేసిన బంతులు, తెగిన దండల పూసలు. పైసా ఖర్చు లేని గుమ్మం తెర!

ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళు పోటీ పెట్టారు. మిగిలిపోయిన సరుకుతో ఇంటి అలంకారం. "చెత్త ఏరుకునేవాళ్ళకి భలే పోటీ!" అని ఫోర్‌మన్ గారి భార్య సరస్వతమ్మ నవ్వింది. వాళ్ళింటి తెర కలకత్తా నుంచి వచ్చింది మరి.

"ఆ చెత్తతోనే ఫస్టు ప్రైజు కొట్టి, మీ గుమ్మం ముందు నుంచే తీసుకెళ్తాను, చూస్తూ ఉండండి" అని పద్మకుమారి మొహం మీదే అనేసింది. అన్నాక ఇంక ఊరుకుంటుందా? రెండు నెలలుగా ఫ్యాక్టరీ క్వార్టర్లున్న ఆ అగ్రికో లైన్లో ఎవరి గాజు చిట్లినా ముక్కలు ఆమెకే చేరుతున్నాయి.

"అయినా వచ్చినప్పుడల్లా నీకెందుకమ్మా ఈ ముక్కలు?" అని నూకమ్మని అడిగింది.

"నానూ తెర కట్టుకుంతాను. ఏం, ముండమోపి గుమ్మానికి తెర ఉండకూడదా?"

"అయితే కొనుక్కుని పగలగొట్టుకో."

"గాజులోడు నన్ను జూసి గంప మూసేత్తాడమ్మా. నాకమ్మితే బోణీ పాడైపోద్దంట."

ఆ మాట నిజమే. గాజులవాడిదాకా ఎందుకు, నూకమ్మ ఎదురైతే లైనంతా తలుపులు మూసుకుంటుంది. ఆమెని పిలిచేది ఒక్క పనికే. ఏ ఇంట్లోనైనా మగవాడు పోతే, పదో రోజున ఆ ఇల్లాలి గాజులు పగలగొట్టాలి. ముత్తయిదువులు ఆ పని చెయ్యకూడదు, చూడనూ కూడదు. నూకమ్మే తలుపేసుకుని కానిచ్చి, ముక్కలు మూటగట్టి సువర్ణరేఖ నదిలో పారేసి వచ్చేది.

"అడుక్కునేవాడి దగ్గర గీక్కునేవాడని, నా దగ్గరేం ఉంటుంది నీకు? వెళ్ళు, వెళ్ళు."

నూకమ్మ ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

పక్షం తిరక్కుండానే పక్క క్వార్టర్ సూర్యం పోయాడు. గమ్హరియా రోడ్డు మీద లారీ గుద్దేసింది. పెళ్ళాం జగదాంబకి నిండా ఇరవయ్యేళ్ళు లేవు. మొన్న దసరాకి సాక్చీ బజార్లో మొగుడు కొనిచ్చిన ఆకుపచ్చ గాజులు చేతుల నిండా వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయిన పిల్ల. ఆ పిల్లని చూసి ఏడవనివాళ్ళు లేరు.

పదో రోజు పొద్దున్నే నూకమ్మ మళ్ళీ వచ్చింది. ఉగాది ఇంక రెండు రోజులే. పద్మకుమారి తెర పూర్తయి, గుమ్మానికి ఎర్రగా, నీలంగా మెరుస్తోంది.

"పద్మమ్మా, ఒక్క గుప్పెడు. ఈయేల తప్పదు."

పద్మకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"చావింటికి వెళ్తూ కూడా తెర పిచ్చేనా నీకు? మనిషివేనా నువ్వు?"

"మనిసినే. ఇత్తావా, ఇయ్యవా?"

"ఇవ్వను!"

"అయితే తీసుకుంతాను."

రెండు చేతులా తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది. నాలుగు వరసలు తెగి సంచిలో పడ్డాయి.

"చోర్! చోర్!" పద్మకుమారి కేకలకి లైనంతా బయటికొచ్చింది.

నూకమ్మ వెనక్కి తిరిగింది. "దొంగనే! అవసరమైతే మళ్ళీ తెంపుతాను. ఎవులేటి సేత్తారో సెయ్యండి!"

అలాగే జగదాంబ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

లోపల గాజులు భళ్ళుమన్నాయి. జగదాంబ గొల్లుమంది. బయట ఆడవాళ్ళు కొంగులు నోట కుక్కుకున్నారు.

తెగిన వరసలు రెండు రోజుల్లో మళ్ళీ అల్లడం అయ్యే పని కాదు. పద్మకుమారి తెరా పోయింది, పోటీ కూడా పోయింది, సరస్వతమ్మ నవ్వు మాత్రం మిగిలింది. ఆ కసితో "చావు రోజున దొంగతనం చేసిన మనిషి" అని లైనంతా చాటింది. అప్పట్నుంచి నూకమ్మ కుళాయి దగ్గరికొస్తే బిందెలు జరిపేసేవారు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. తల కూడా దించలేదు.

వానాకాలంలో జ్వరమొచ్చి నూకమ్మ పోయింది. పద్మకుమారి చూడ్డానికి వెళ్ళలేదు. మోసిన మగవాళ్ళు వచ్చి చెప్పారు, ఆ ఇంటి గుమ్మానికి తెరన్నదే లేదట.

దసరా వెళ్ళాక సూర్యం పనిచేసిన చోటే జగదాంబకి ఉద్యోగమిచ్చారు. మొదటి రోజు డ్యూటీకి వెళ్తూ పద్మకుమారి గుమ్మంలో ఆగింది.

"ఎల్లొత్తాను వదినా."

పద్మకుమారి ఆ చేతులు చూసింది. రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు!

"ఓలమ్మో, ఇదేంటే! నలుగురూ ఏమంటారు?"

"బోల్నే దో, అననీ వదినా. ఆయన కొన్న గాజులు. ఏసుకుంతాను."

"ఆయన కొన్నవా? అవి ఆరోజే పగిలిపోయాయిగా! మేమంతా విన్నాం."

జగదాంబ గాజులు ఒకసారి తడుముకుంది.

"నూకమ్మత్త ఒక్కోటీ ఊడదీసి, గుడ్డలో సుట్టి, నా పెట్టెలో దాసింది. బయటికి ఇనబడేలా ఏడవమంది. ఈ లైన్లో ఏ ఆడదాని గాజులూ తాను పగలగొట్టనేదంట. ఆరోజు మీరందరూ ఇన్న సప్పుడు నీ తెరది, వదినా."