రేకు మీది అడవిపంది

పాత తుపాకికి మీట పక్కనుండే ఇనప రేకు మీద తుప్పు వదిలిస్తూ వదిలిస్తూ, తుపాకుల మేస్త్రీ ఆ రేకు మీద చెక్కి ఉన్న వేటగాణ్ణి కూడా ఆకురాయితో అరగదీసేశాడు. ఎదురుగా ఉన్న అడవిపంది మాత్రం మిగిలింది. పొద్దున తుపాకి ఆసామి వచ్చేలోగా తప్పు దిద్దుకోవాలని, దుకాణంలో ఒంటరిగా కూర్చుని, అద్దంలో చూసుకుంటూ తన మొహంతోనే వేటగాణ్ణి మళ్ళీ చెక్కాడు. బట్టతలతో సహా.

భార్య ఫోన్ చేసింది. "ఇంకా రాలేదేం?"

"తుపాకి రేకు మీద పందికి ఎదురుగా ఉన్న వేటగాడికి నా మొహం పెడుతున్నానే."

"పాపం, ఆ పంది నిన్నేం చేసిందని?"

ఫోన్ పక్కన పడేసి, రేకు మీది రజను ఉఫ్‌మని ఊదాడు. పంది గోరంత ముందుకొచ్చి ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఇంకో గోరంత. చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా గురగుర. బల్ల కింద తన పిక్క మీద ఎవరో వెచ్చగా ఊపిరి వదిలినట్టయింది.

కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

వేటగాడి చేతులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. తుపాకి చెక్కుదామని ఉలి ఎత్తి, ఆగిపోయాడు. తన చేతిలో బాగుపడ్డ తుపాకి గురి తప్పదని పాతికేళ్ళుగా ఊరందరినీ నమ్మించాడు గానీ, తను మాత్రం ఒక్కనాడూ నమ్మలేదు.

వేటగాడి వెనకాల గబగబా చెట్టు చెక్కడం మొదలుపెట్టాడు. కొమ్మలు బాగా కిందికి, తనకు అందేలా.